మిరప చేను కింద గ్యాస్

మా వైపు రైతులకు ఒక అలవాటుంది. ఈ ఏడు మిరపకు ధర పలికితే పై ఏడు అందరూ మిరపే వేస్తారు. అది పడిపోతే అందరూ కలిసి పత్తికి మళ్ళుతారు. చిన్నప్పుడు చూసి నవ్వుకునేవాణ్ణి. పెట్రోలియం జియాలజీలో పరిశోధనకు దిగాక తెలిసింది, మా శాస్త్రంలోనూ నడిచేది ఇదే సేద్యమని. నేను చదువుకునే రోజుల్లో ఎవరి నోట విన్నా రాతిపొరల్లో చిక్కుకున్న షేల్ గ్యాసే. అది చల్లబడ్డాక సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన గ్యాస్ మీద పడ్డారు. తర్వాత, ఇన్నాళ్ళూ భూమిలోంచి తోడి కాల్చినదాన్ని పొగగా పట్టి మళ్ళీ భూమిలోనే పూడ్చే విద్య వచ్చింది. ఇప్పుడు ఏఐ. పేపరు దేని మీదైనా సరే, పేరులో ఆ రెండక్షరాలూ పడాలి.

నేను గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పెట్రోలియం ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలందరూ కంప్యూటర్ల వైపు పోగా, అక్కడ సీటు దొరకనివాళ్ళు మాకు ప్రాప్తం. ఆ దొరకనివాళ్ళు కూడా తగ్గిపోవడంతో ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "బ్రాంచి ఎత్తేసేలా ఉన్నారండి. డాక్టరేట్ ఉంటే లెక్చరర్‌గా మిమ్మల్ని ఎక్కడో ఒకచోట సర్దుతాం. లేకపోతే మీరే చూసుకోవాలి" అన్నారు. నా డాక్టరేట్ అప్పటికి ఏళ్ళ తరబడి నడుస్తోంది. నడుస్తోందనడం మర్యాద కోసం.

పరుగెత్తుకుంటూ నా గైడు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ దగ్గర పాత డేటా ఏదైనా ఉందా? ఉంటే దానికి ఏఐ తగిలించండి" అని మందు చీటీ రాసినంత తేలిగ్గా చెప్పారు.

పాత డేటా ఉంది. ఎం.టెక్ అయిన కొత్తలో పర్చూరు వైపు చమురు కోసం జరిగిన ఒక సర్వేలో పనిచేశాను. చేలో సన్నటి గుంట తవ్వి, అడుగున కాస్త మందు పెట్టి పేలుస్తారు. ఆ చప్పుడు కింది పొరలకు తగిలి తిరిగి వస్తుంటే, నేలలో వరసగా గుచ్చిన చిన్న చిన్న పరికరాలు దాన్ని వింటాయి. రైతులు వాటిని మైకులనేవాళ్ళు. పైన ఏ చప్పుడున్నా అవి చెడిపోయిన మాటే వింటాయి గనక, పేల్చేముందు చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఆపించాలి. తెలుగు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ పని నాది. ఆపించినట్టు లాగ్ షీట్‌లో రాసి సంతకం పెట్టడం కూడా నాదే.

చదువు కోసమని అడిగితే సర్వే కంపెనీవాళ్ళు ఆ డేటా, దానితోపాటు నా లాగ్ షీట్లూ ఇచ్చారు. కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు ఎక్కడ పైచప్పుడుందో ఎక్కడ లేదో ముందు మనమే చెప్పాలి. షీట్లు చూసి చెప్పాను. నెల తిరిగేసరికి అది తెర మీద ఒక ఎర్ర మచ్చ చూపించింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలంత ఎర్రగా ఉంది. భూమిలో పొరలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. ఇది మాత్రం పైనుంచి కిందకు నిలువుగా దిగింది.

గైడు గారు కుర్చీలోంచి లేచారు. "గ్యాస్ చిమ్నీ!" అన్నారు. అడుగున నిల్వ ఉన్న గ్యాస్ పొరల్ని చీల్చుకుంటూ నిలువుగా పైకి పాకే దారిని అలా అంటారు. "పైన మోటారు ఆడినా ఇలాగే నిలువుగా పడుతుంది. ఏదైనా ఆడిందేమో చూశారా?"

"లాగ్‌లో ఆపించినట్టుందండి."

"ఇంకేం మరి!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రం నేను మా గేటు దగ్గర నిలబడి, పేరు ముందు డాక్టర్ అని చేరిస్తే బోర్డు ఎంత వెడల్పు కావాలో జానలతో కొలిచాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి రెక్క మూసేసింది.

థీసిస్‌లో పొలం ఫొటో ఉండాలన్నారు గైడు గారు. అందుకే ఒక ఆదివారం బండేసుకుని పర్చూరు దాటి ఆ చేనుకు వెళ్ళాను. సర్వే రోజుల్లో ఆ చేను కౌలుకు చేస్తూ, మాకు మధ్యాహ్నం అన్నం పెట్టిన పెద్దమ్మే ఇప్పటికీ చేస్తోంది. చర్చి నుంచి అటే వచ్చినట్టుంది, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మిరపకాయలు తిరగేస్తోంది. నన్ను పోల్చుకుంది.

"ఏందబ్బాయ్, మైకులోడివి కాదూ? ఒళ్ళు చేశావే."

నేను వినయంగా, శాస్త్రీయంగా అడిగాను: బోరు నీళ్ళలో బుడగలేమైనా వస్తున్నాయా, ఏదైనా వాసనా అని.

"నా బోర్లో నీళ్ళొస్తే చాలు, బుడగలు కూడానా? ఏంది సంగతి?"

"ఇక్కడ కింద గ్యాస్ ఉన్నట్టు తేలింది పెద్దమ్మా."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఆ మాట కాయితం మీద రాస్తావా?"

"రాయాలిగా."

"రాస్తే పొలం ఆసామి ఊరుకుంటాడా? గ్యాస్ పడితే ఆయనకు పడుద్ది. నాకేం పడుద్ది, కౌలు పోద్ది." కోపంగా అనలేదు. వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా అంది.

అంతలో నా వెనక గుర్రుమని మోటారు ఆడింది. ఉలిక్కిపడి తిరిగాను. బోరు దగ్గర మనిషి లేడు.

"ఎవరేశారు?"

"ఎవరెయ్యాలి? కరెంటొచ్చింది. ఆటో స్టార్టర్ కదా, అదే వేసుకుద్ది." కరెంటు ఏ గంటకు వస్తుందో తెలియని చోట, రైతు చేను గట్టున కాపలా కూర్చోకుండా పెట్టుకునే పెట్టె అది. మా వైపు అది లేని బోరు అరుదు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది తెలియదని చెప్పుకోలేను.

ఆ పెట్టె చూపిస్తూ అడిగాను. "పెద్దమ్మా, ఆ రోజుల్లో కూడా ఇది ఉందా?"

"అప్పుడే కొత్తగా పెట్టించా."

"నేను మోటారు ఆపమన్నానుగా."

"ఆపాగా. నీ ఎదురుగానే ఎర్ర బొత్తాం నొక్కా. నువ్వు రాసుకున్నావు, అన్నం తిన్నావు, మజ్జిగ తాగి వేపచెట్టు కింద పడుకున్నావు. ఈలోపు కరెంటు పోయింది, మళ్ళా వచ్చింది, అది వేసుకుంది. లేపి చెబుదామనుకున్నా. అలిసిపోయినట్టున్నాడు పోనీలే అనుకున్నా. ఆళ్ళు అవతల ఢామ్మని పేల్చినా నువ్వు లేవలా!"

కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. నా ఎలుక ఐదు హార్స్‌పవర్ది. పైగా రోజూ భోజనానికి ముందే మధ్యాహ్నం షీటు కూడా నింపేయడం నా అలవాటని అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎండలో నాకు చెమటతోపాటు సిగ్గు కూడా పట్టింది.

గైడు గారికి చెప్పాను. ఆయన లాగ్ షీటు ముందుకు లాక్కున్నారు.

"లాగ్ మీద సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"మరి రికార్డు ప్రకారం మోటారు ఆగింది. ఆగిన మోటారు ఎలా ఆడుతుందండీ?" ఆయన చెడ్డవారు కాదు. నా ఉద్యోగం సంగతి ఆయనకూ తెలుసు. వారంలో సెమినార్, చేసిన పని పరీక్షకుల ముందు చెప్పి ఒప్పించాలి. నోరు మూసుకుంటే చాలు, డాక్టర్‌నైపోతాను. ఆ వారమంతా నోరు మూసుకునే ఉన్నాను, ఇంట్లో కూడా. పదిసార్లు థీసిస్ తెరిచాను. తెరిచినప్పుడల్లా ఎర్ర మచ్చ కన్నా ముందు మిరపకాయల మీద ఆగిపోయిన ఆ చేతులు కనబడేవి.

సెమినార్‌లో ఎర్ర మచ్చ తెర మీదకు రాగానే హాల్లో గుసగుసలు లేచాయి. బయటినుంచి పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన ముందుకు వంగి, "అద్భుతంగా ఉందండి. ఏమిటది?" అన్నారు.

"బోరు మోటారండి" అన్నాను.

"లాగ్‌లో ఆపారని ఉందే?"

"ఆ లాగ్ రాసింది నేనేనండి. రాసి నిద్రపోయాను. కంప్యూటర్ తప్పేమీ లేదు. నా సంతకాన్ని నమ్మింది, అంతే."

హాలంతా నవ్వింది. గైడు గారు మాత్రం నేల చూశారు. ఎర్ర మచ్చ తీసేసి, షీట్లన్నీ సరిచూసి, పని మళ్ళీ మొదటినుంచి చేసుకుని రెండేళ్ళ తర్వాత రమ్మన్నారు. మా బ్రాంచి అంతకాలం ఆగలేదు. ఇప్పుడు నేను అదే కాలేజీ ల్యాబ్‌లో, కంప్యూటర్ సైన్స్ పిల్లలు వాడే యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూసి రిజిస్టర్లో రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఒక్కొక్కటీ వేసి చూశాకే రాస్తాను.

గ్యాస్ లేదన్న మాట పెద్దమ్మకు ఎదురుగానే చెప్పాలనిపించి మళ్ళీ పర్చూరు వైపు వెళ్ళాను. పెద్దమ్మ కాయలు సంచులకెత్తుతోంది.

"గ్యాస్ లేదు పెద్దమ్మా. ఉందని ఎక్కడా రాయలేదు."

"మంచిదే. మరి నీ చదువు?"

"ఈసారికి పోయింది. ఇంకో రెండేళ్ళు గడువిచ్చారు."

ఆమె సంచి మూతి బిగించి కట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "రెండేళ్ళా? నాకైతే కౌలు ఏడాదికి మించి ఎవరూ ఇయ్యరబ్బాయ్. నీదే నయం. రా, అన్నం తిందువుగాని."