కంచప్ప బంతి పాటల డిస్కు

ఆ కాలంలో మాకు బుద్ధి కంటే ముందు డిస్కు వచ్చింది. క్యాసెట్లు పోతున్నాయి, ఫోనులో వేసుకునే చిప్పు మా వీధి దాకా ఇంకా రాలేదు, ఈ రెంటికీ మధ్య ఆ తళతళలాడే బిళ్ల ఒకటి ఇంటింటా తిరిగేది. ఇది నా పసితనం ముచ్చట అంటే మావాళ్లు నవ్వుతారు, ఎందుకంటే అప్పటికే నాకు నలభై తొమ్మిది. కానీ అక్షరాలు వచ్చి రెండేళ్లే అయింది. ఆ లెక్కన నాది పలక పట్టిన వయసు. ఆ వయసు పిల్లలు కనబడిన గోడనల్లా గీస్తారు. నేనూ అంతే. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాశాను, చింతపండు జాడీ మీద చింతపండు అని రాశాను. (తను నిద్రపోతుంటే నుదుటి మీద పేరు రాసేస్తానేమోనని మా ఆయన ముసుగు తన్ని పడుకునేవాడు.) ఇంట్లో రాయడానికి ఇంకేమీ మిగలక క్యాసెట్ల పెట్టె దించాను. నా సిగ్గుమాలిన పని అక్కడే మొదలైంది.

ఆ క్యాసెట్ల నిండా కంచప్ప ఉంది. మా ఊరు చీపురుపల్లికి ఆటోలో పావుగంట. మా వీధిలో నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక పాటల జట్టు కట్టారు, దానికి పెద్ద దిక్కు ఈవిడ. గొంతు కంచు, మేము అక్కని అప్ప అంటాం, అందుకని కంచప్ప. ధనుర్మాసంలో వాళ్ల భజనలు ఊరంతా వినేది. నాకు పిచ్చి మాత్రం బంతి పాటల మీద. పెళ్లిలో మగపెళ్లివారు బంతికి కూర్చుంటే, వెనక నిలబడి ఆడపెళ్లివారు వాళ్లని ఆడిపోసుకునే పాటలవి. మేనమామ పొట్టనీ వదలరు, వియ్యపురాలి నడకనీ వదలరు. అన్నీ అక్కడికక్కడ కట్టినవే. అటువాళ్లూ ఊరుకోరు, తిరిగి అంటిస్తారు. ఆ పూట అయ్యాక ఎవరూ ఆ పాట మళ్లీ ఎత్తరు. "ఆకు ఎత్తీసినప్పుడే పాటా ఎత్తీయాల. రేపటికుంచితే పాసిపోతాది," అనేది కంచప్ప.

నేను ఉంచాను. పిలిచిన పెళ్లికీ పిలవని పెళ్లికీ టేపురికార్డరు చంకన పెట్టుకుని వెళ్లి, అన్నం గంపల వెనక దాన్ని దాచి పట్టాను. క్యాసెట్టుకి పైపక్క భజనలు, వెనకపక్క బంతి పాటలు. టేపు దండగవుతుందని అటువాళ్లు తిరిగి పాడే దగ్గర మాత్రం మీట నొక్కి ఆపేసేదాన్ని. అభిమానం అలాంటిది, దానికి ఒక చెవే ఉంటుంది.

కంచప్ప గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఊరందరి పెళ్లిళ్లలో పాడే మనిషికి సొంత మొగుడితో మాటల్లేవు. ఆయన నాకు బావ వరస. ఒకనాడు అరుగు మీద పదిమందిలో "దీని గొంతుకంటే జూట్ మిల్లు కూత నయం" అని నవ్వాడట. అంతే, నాలుగేళ్లయినా ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు, మాట్లాడుకోరు. బావకి ఆకలేస్తే పెరట్లోకి వెళ్లి గేదెతో చెప్పేవాడు: "ఈ ఇంట్లో అన్నం ఒండినారో నేదో తెలీదు గదే!" ఆవిడ లోపల్నుంచి చెంబుతో చెప్పేది: "ఒండినారు, కాళ్లు కడుక్కుని రమ్మను." గేదె, చెంబు కలిసి ఆ కాపురం ఈడ్చుకొచ్చాయి.

సరే, డిస్కు. చీపురుపల్లి స్టేషను దారిలో ఒక షావుకారు క్యాసెట్లని డిస్కుల్లోకి ఎక్కించేవాడు. ఆయన కొట్లో స్టూలు మీద మూడు రోజులు కూర్చున్నాను. "అమ్మా, ఎనభై నిమిషాలే పడతాయి, మంచివి ఏరుకోండి," అన్నాడు. "అన్నీ మంచివే, నీ డిస్కే సిన్నది," అన్నాను. రెండో రోజు ఆయన చెవులకున్నవి తీసి, "పాట మధ్యలో ఎవరో సాంబారు సాంబారు అని అరుస్తున్నారు, గరిటెలు మోగుతున్నాయి, తీసేస్తాను," అన్నాడు. నాకు మండింది. "ఆ గరిటె సప్పుడు నేకపోతే అది బంతి పాటేటి నాయనా? ముట్టకు!" మూడో రోజు ఇద్దరం కలిసి పద్దెనిమిది పాటలు తేల్చాం. భజన ఒక్కటీ లేదు. అందరూ విన్నవి ఎందుకు? ఎవరూ రెండోసారి వినని పాటలివి. ఆ మాటకి నేనే మురిసిపోయాను.

అట్ట మీద పేర్లు తను కొట్టించి ఇస్తానన్నాడు షావుకారు. నేను ఒప్పుకుంటానా? అక్షరాలొచ్చినదాన్ని! గుండ్రంగా, ఒత్తుగా, నాలుక కరుచుకుని రాశాను. ఎన్నో పాట, ఎవరి మీద పాడింది, ఏ ఊరివాళ్లు, అంతా. పరమాన్నం పాట, ఫలానా ఊరి మేనమామ మీద. నడక పాట, ఫలానావారి అత్త మీద. ఎవరిని ఏ మాట అన్నారో ఊళ్లతో సహా జాబితా రాసి చేతికిచ్చే పిచ్చిది నేను తప్ప ఇంకెవరైనా ఉంటారా? చదువు రానప్పుడు నేను ఇంత హాని చేయగలిగేదాన్ని కాను.

ఆ డిస్కుని కంచప్పకి అందరి ఎదుటా ఇవ్వాలని మంచిరోజు కోసం చూశాను. వాళ్ల అమ్మాయి పురిటికి వచ్చి అయిదు నెలలైంది. పొందూరు నుంచి అత్తగారు, అల్లుడు పరివారంతో వచ్చారు, కోడలినీ పిల్లనీ తీసుకెళ్లడానికి. భోజనాలు చేసి మధ్యాహ్నం పాసింజరు ఎక్కాలి. బంతి వేశారు. వియ్యపురాలు మధ్యన కూర్చుంది. బంతి చివర బావ. కంచప్ప గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. నేను డిస్కు తీసి, టీవీ పక్కనున్న ప్లేయర్లో పెట్టి, అట్ట మాత్రం వియ్యపురాలి చేతికే ఇచ్చాను, నా దస్తూరీ చూస్తుందని.

చూసింది. కళ్లజోడు పైకెత్తి, "ఇదేటి వదినా, తొమ్మిదో పాట పొందూరోళ్ల మీద అని రాసున్నాది? మామేనేటి?" అంది.

"మీరే! మీ అబ్బాయి పెళ్లిలోది. ఇనండి!" అని తొమ్మిదికి నొక్కాను. మూడేళ్ల కిందటి కంచప్ప గొంతు ఇల్లు దద్దరిల్లేలా లేచింది.

"పొందూరు నుంచొచ్చారంట, సన్న నూలు మనుషులంట,
బూరెల తట్ట సూడగానే దూలాలై కూకున్నారంట!"

పొందూరు వాళ్లు పగలబడి నవ్వారు. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. ఆ పాట అయింది, పదోది మొదలైంది. ఆవిడ నవ్వు ఆగింది.

"ఆపు. మాదేది?"

"ఏటి మీది?"

"మరి మాం ఆ రోజు తిరిగి పాడినాం గదా! ఈ కంచొదిన నోట మాట నేకుండా సేసినాను. అదెక్కడున్నాది?"

అబద్ధమైనా ఆడొచ్చు కదా. నాకు ఆ తెలివి కూడా లేదు. "టేపు సాల్దని ఆపీసినానమ్మా," అన్నాను.

"ఓలమ్మా! మమ్మల్ని తిట్టడానికి టేపు సాలినాది, మాం తిట్టడానికి సాల్నేదేటి?" ఆకు ముందుకి తోసేసింది. "మా పాట ఇనబడితేనే మీ బూరె ముడతాను. నేకపోతే పిల్లకి గుడ్డలు సద్దమను. మంచినీళ్లు కూడా తాక్కుండా ఎల్లిపోతాం."

ఆమెతో వచ్చినవాళ్లందరూ చేతులు వెనక్కి తీశారు. గుమ్మంలో పిల్లని ఎత్తుకుని నిలబడ్డ కంచప్ప కూతురి మొహం చూడలేకపోయాను. అత్త అన్నం ముట్టకుండా లేస్తే, ఆ వెనకాల ఆ అమ్మాయి ఏ మొహంతో నడుస్తుంది? రేపట్నుంచి ఆ ఇంట్లో ఆమె నోట్లోకి ముద్ద ఎలా దిగుతుంది?

"అయితే ఇప్పుడు పాడీ వదినా," అని బతిమాలాను.

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. "మూడేళ్లయినాది. మొదలే గుర్తు నేదు," అంది, ఇంకా కోపంగా. ఆమెతో వచ్చినవాళ్లెవరికీ గుర్తు లేదు. నాకు సుబ్బరంగా గుర్తుంది, అందుకే కిక్కురుమనలేదు.

అప్పుడు వెనకనుంచి పాట లేచింది. చేతిలో పప్పు గరిటెతో, ఎవరి వంకా చూడకుండా, కంచప్పే ఎత్తుకుంది. తన మీద కట్టిన పాట.

"ఊరి పెళ్లికి గొంతెత్తే కంచప్పా,
ఇంటి మొగుడికి మాటేదే సెప్పప్పా!
గడప దాటితే కోయిలటే,
గడప లోపల మూగదటే!"

పొందూరు వాళ్లు పెళ్లికి వచ్చిన రెండు రోజుల్లో ఆ ఇంటి గుట్టు కనిపెట్టి కట్టిన పాట అది. ఆ రోజు పెళ్లి గోలలో పోయింది. ఈ రోజు చీమ చిటుక్కుమంటే వినబడే ఇంట్లో, అల్లుడి ముందు, వియ్యంకుల ముందు, ప్రతి మాటా తాపీగా విడదీసి పాడింది. పాట ముగించి, "అంతే వదినా. ఇంక తిను," అంది.

బంతి చివర బావ తలెత్తాడు. చుట్టూ చూశాడు. గేదె పెరట్లో ఉంది. ఇంక దారిలేక ఆవిడ వైపే తిరిగాడు.

"ఒలే, మద్దిలో ఒక సరణం ఒగ్గీసినావు."

నాలుగేళ్లకి మొదటి మాట. ఆ వదిలేసింది ఆయన మీద ఉన్న చరణం. కావాలనే వదిలిందని మా ఆడవాళ్లందరికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకుని తనే అందుకున్నాడు.

"పెళ్లాము తోటి పంతమటే,
గేదె తోటి మంతనమటే!"

"అదీ! అదే!" అని వియ్యపురాలు తొడ చరిచింది. కంచప్ప మొగుణ్ని తేరిపార చూసి, "మిల్లు కూత నయం," అంది. ఇల్లంతా ఒక్కసారి విరగబడి నవ్వింది. వియ్యపురాలు బూరె విరిచింది. ఒకటి కాదు, నాలుగు తిన్నది. (దూలాల మాట అబద్ధం కాదు.) పాసింజరు అందుకున్నారు, కంచప్ప కూతురు నవ్వుతూ రైలెక్కింది.

ఇక్కడితో ఆపితే నాకు పరువుగా ఉండేది. కానీ ఆ సాయంత్రం నుంచి అందరూ "నీ డిస్కు మొగుడూ పెళ్లాల్ని కలిపింది" అంటుంటే, కాదని అన్నానా? రెండేళ్లు ఊరూరా నేనే చెప్పుకున్నాను. ఆటోలో చెప్పాను, రేషను వరసలో చెప్పాను. ఒకసారి కంచప్ప పక్కన కూర్చుని పెసరకాయలు ఒలుస్తూ, ఎవరో చుట్టపు మనిషికి చేతులు తిప్పుతూ చెప్పాను. ఆ మనిషి వెళ్లాక కంచప్ప చేట పక్కన పెట్టింది.

"ఒలే, ఒక మాట సెప్తాను, ఏడవకు. ఆ రోజు వియ్యంకుల ముందు నా కోక లాగినట్టయినాది నాకు. మీ బావ నోరిప్పడం మీ బావ మంచితనం. నీ డిస్కు గొప్ప కాదు."

"మరి ఇన్నాళ్లూ సెప్పనేదేటప్పా?" అన్నాను.

"నీ మొకం ఎలిగిపోతా ఉంటే ఎలాగ సెప్పమంటావు?" అని చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

వాళ్ల ప్లేయరు పాడైపోయాక ఆ డిస్కుని బావ పురికొసకి కట్టి పెసర చేనులో వేలాడదీశాడు, పిట్టలు రాకుండా. గాలికి తిరుగుతూ ఇంకా ఉంది. ఆ గట్టున వెళ్లినప్పుడల్లా ఎండకి అది నా కళ్లల్లోకే తళుక్కున కొడుతుంది. పిట్టలు బెదురుతాయో లేదో తెలియదు గానీ, నేను మాత్రం తల దించుకుని, నవ్వు ఆపుకోలేక, గబగబా దాటిపోతాను.