ఖాళీ గడిలో కాశ్యప గోత్రం

ఇప్పుడంటే ఫోన్లలో సంబంధాలు చూసుకుంటున్నారు గానీ, నా ఉద్యోగం కొత్తలో గుంటూరులో కంప్యూటరు చెప్పిన మాటకు పంచాంగమంత విలువ. పెళ్ళి సంబంధాలు చూసే ఆఫీసులో ఆ కంప్యూటరుకు బుద్ధులు నేర్పే పని నాది. మా యజమానురాలిని అందరూ పెళ్ళిళ్ళ పిన్నిగారనేవాళ్ళు. సత్తెనపల్లి, చీరాల బ్రాంచీల్లో ఎక్కించిన వివరాలు నెట్ మీద మాకొస్తే, గుమ్మంలో నిలబెట్టి సరిచూసి లోపలికి పంపే ప్రోగ్రాం నేను రాశాను (దానికి సీరియలైజర్ అని నోరు తిరగని పేరొకటి). కొత్త చదువు కదా, ఏ గడీ ఖాళీగా ఉండకూడదని పెట్టాను. గోత్రం గడితో సహా.

మిరప, పత్తి వేసుకునే మా ఇళ్ళలో గోత్రం ఎవరికి గుర్తుంటుంది? (మా నాన్నకే తెలియదు.) అది లేని వివరాలన్నీ నా ప్రోగ్రాం తిప్పి పంపేది. సత్తెనపల్లిలో వాటిని ఎక్కించే అమ్మాయి రోజూ ఫోను చేసేది. "ఏమండీ, మీ ప్రోగ్రాం మళ్ళీ వద్దంటుందండీ. గోత్రం తెలియకపోతే మనుషులు కారా అండీ?" ఆ గొంతు కోసం కొన్నాళ్ళు దాన్ని దిద్దకుండా ఊరుకున్నాను. పిన్నిగారు చీవాట్లు పెట్టాక గుడి గుర్తొచ్చింది. గోత్రం తెలియదన్నవాళ్ళకు పూజారిగారు కాశ్యప గోత్రమని చెప్పి అర్చన చేసేస్తారుగా. నేనూ అంతే చేశాను. గడి ఖాళీగా వస్తే ప్రోగ్రామే 'కాశ్యప' అని నింపుకుంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గడిలో ఏం పడిందో అడిగే వంకతో ఆ తర్వాతా సాగిన మా ఫోన్ల సంగతి కనిపెట్టి, పిన్నిగారే ఆ అమ్మాయితో నాకు సంబంధం కలపబోయారు. రెండిళ్ళవాళ్ళూ ఆఫీసుకొచ్చారు. ఆమెను చూడటం అదే మొదలు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పిన్నిగారు శుభమా అంటూ మా వివరాలు కలిపి మీట నొక్కితే తెర మీద ఎర్రటి అక్షరాలొచ్చాయి: సగోత్రం, సంబంధం కుదరదు.

"అది తప్పండీ. తెలియనివాళ్ళందరికీ కాశ్యప అని పెట్టింది నేనే," అన్నాను.

"కంప్యూటరు అబద్ధం చెబుద్దా బాబూ?" అన్నారు వాళ్ళ నాన్న.

"దానికి చెప్పింది నేనేనండీ."

"నువ్వే కుదరదని రాసి, నువ్వే పిల్లనిమ్మంటే ఎట్టా?"

వాళ్ళకు కాఫీలిప్పించమని పిన్నిగారికి దణ్ణం పెట్టి, అక్కడికక్కడే ప్రోగ్రాం దిద్ది, మా ఇద్దరి గడుల్లో పడ్డ 'కాశ్యప' చెరిపేశాను. గోత్రం తెలియకపోతే గడి ఖాళీగానే ఉండాలి, దాన్ని ఎవరితోనూ పోల్చకూడదు. ఈసారి నొక్కితే అడ్డేమీ రాలేదు. గోత్రం దగ్గర 'తెలియదు' అని మాత్రం వచ్చింది. అమ్మాయి తల వంచుకుని నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

"తెలియకపోవటమేందిరా, కనుక్కుంటే పోలా," అని మా నాన్న ఊళ్ళో ఉన్న నాయనమ్మకు ఫోను కలిపాడు. వాళ్ళ నాన్న కూడా వాళ్ళ పెదనాన్నకు కలిపారు. (ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టని గోత్రం ఆ పూటే కావలసొచ్చింది.) పెద్దవాళ్ళిద్దరూ ఒకటే గోత్రం చెప్పారు. కాశ్యప కాదు, ఇంకోటి. ఇద్దరిదీ అదే.

నాకు ఏడుపొక్కటే తక్కువ. మెట్లు దిగుతూ ఆ అమ్మాయి, "మీ ప్రోగ్రాం ముందే చెప్పిందండీ పాపం," అంది. ఆనాటి నుంచి అది ఖాళీ గడిని చక్కగా ఒప్పుకుంది. ఎంత చక్కగా అంటే, సత్తెనపల్లి నుంచి ఫోను చేయవలసిన అవసరమే ఎవరికీ రాలేదు.

తెలియనిదాన్ని ఖాళీగా ఉండనివ్వండని ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు గంభీరంగా చెబుతుంటాను. నాలో మిగిలిన అప్పటి కుర్రాడు మాత్రం ఎక్కడో ఒక గడి తప్పనిసరి చేసి పెట్టమంటాడు, ఎవరైనా ఫోను చేస్తారేమోనని.