హెల్మెట్‌కి పెట్టిన బొట్టు

మా తమ్ముడు మోటార్‌సైకిల్ రేసులు నడిపేవాడు. అదే వాడి ఉద్యోగం. ఏటా దసరాకి రాజమండ్రి వచ్చినప్పుడు, నాన్న ట్రాక్టర్‌తోపాటు వాడి హెల్మెట్‌కి కూడా ఇంట్లో ఆయుధపూజ చేసేవాళ్లం.

కిందటేడు దాన్ని మేడ మీద నుంచి నేనే తెస్తున్నాను. చేయి జారింది. మెట్ల మీద దొర్లుకుంటూ కింద గచ్చు దాకా పోయింది. పగల్లేదు. వెనకవైపు చిన్న గీత పడింది, అంతే. పూజనాడు కింద పడిందని తెలిస్తే అమ్మ అపశకునమంటుంది, వాణ్ని రేసుకి వెళ్లనివ్వదు. అందుకే ఎవరికీ చెప్పకుండా పసుపు రాసి, సరిగ్గా ఆ గీత మీదే కుంకుమ బొట్టు పెట్టాను. ఎంత తెలివో నాది.

"బొట్టు బాగుందక్కా, చెరపనులే," అన్నాడు వాడు.

నెల తిరగకుండానే చెన్నై ట్రాక్‌లో మలుపు దగ్గర బైక్ జారి, వాడి తల గోడకి కొట్టుకుంది. రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు.

గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా, లోపల బలం పోయి ఉండొచ్చట. రేసులు నడిపేవాళ్లందరికీ తెలుసట. నేను ఒక్క మాట చెప్పి ఉంటే వాడే దాన్ని పక్కన పడేసేవాడు.

ప్రమాదం గురించి విచారించడానికి రేసు నిర్వాహకుల తరఫున ఒకాయన ఇంటికి వచ్చారు. "ఈ హెల్మెట్ ఇంతకుముందెప్పుడైనా కింద పడిందాండి?" అని నన్నే అడిగారు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది.

"లేదండి. దసరాకి మా అమ్మాయి దానికి పూజ కూడా చేసిందండి."

ఆయన రాసుకున్నారు. అమ్మ చెప్పింది నిజమేనన్నట్టు నేను తల ఊపాను.