కుముదిని మేడమ్ తప్పు ప్రశ్న

కటక్‌లో మా యూనివర్సిటీ భూగోళ శాఖకి వచ్చి ఎవర్నడిగినా, కుముదిని పట్టజోషి మేడమ్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని చెప్తారు. అబద్ధం. ఆవిడ కోపం ముక్కు దగ్గర ఆగదు, నేరుగా నాలిక మీదికే వస్తుంది. అయితే అదంతా నాలాంటి తోటి మేష్టర్ల మీద, గుమాస్తాల మీద. ఎం.ఎ.లో తనకి పాఠం చెప్పిన బ్రజబంధు రథ్ సార్ ఎదుట మాత్రం పిల్లి. రథ్ సార్ ఇప్పుడు మా డీన్. ఆయన సూర్యుడు పడమట పొడుస్తాడన్నా ఈవిడ తల వంచి "ఆజ్ఞా" అంటుంది. పెద్దల మాటకి చిన్నవాళ్ళు అనవలసింది మాకు ఆ ఒక్కటే, చిత్తం అన్నట్టు.

ఏఐ వచ్చిన మొదటి ఏడాది పిల్లలిచ్చిన వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. మహానది వరదల గురించి రాసినా, మల్కన్‌గిరి అడవుల గురించి రాసినా "నేటి ఆధునిక యుగంలో" అనే మొదలు. మేడమ్ ఆ కట్ట ముందేసుకుని, మధ్యాహ్నం డబ్బా మూత కూడా తియ్యకుండా కూర్చుంది.

"ఎవరి కష్టానికి మార్కులేస్తున్నానో తెలీట్లేదు బసంత్ బాబూ. ఇంక నేనెందుకు చెప్పండి ఇక్కడ?" అంది నాతో.

దొంగరాతలు పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించారు. అది మా వైస్ ఛాన్సలర్ గారి పంద్రాగస్టు ప్రసంగం కూడా యంత్రమే రాసిందని తేల్చింది. నిజమే అయ్యుంటుందని నా అనుమానం. ఏమైతేనేం, మర్నాటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు.

అప్పుడు మేడమ్ తనే ఒక పద్ధతి తయారుచేసింది. ఫోన్‌లో భాష దిద్దుకోవచ్చు, దాచకుండా చెప్పాలి. ఆలోచన మాత్రం సొంతదై ఉండాలి. వ్యాసం ఇచ్చాక ప్రతి ఒక్కరూ మా ముగ్గురి ముందు కూర్చుని మాట్లాడాలి. రథ్ సార్ పెద్ద, మేడమ్ ప్రశ్నలడుగుతుంది, నేను రాసుకుంటాను. ఆ ప్రశ్నల్లో ఒకటి కావాలనే తప్పుగా ఉంటుంది. వ్యాసంలో ఉన్నదానికి సరిగ్గా ఉల్టా మాట అని, "ఇదే కదా నువ్వు రాసింది?" అంటుంది. సొంతంగా రాసినవాళ్ళు ఊరుకోరు కదా అని ఆవిడ లెక్క. మొదటిరోజే ఇద్దరు దొరికిపోయారు, అక్కడే తప్పు ఒప్పుకున్నారు కూడా. మేడమ్ ముఖం వెలిగిపోయింది.

మూడోరోజు సులగ్న జేనా వచ్చింది. మహాకాలపడ దగ్గర సముద్రపొడ్డు పిల్ల. వాళ్ళ ఊరి బావులు ఎందుకు ఉప్పెక్కాయో రాసింది. అందరూ తుఫానుని తిడతారు గానీ అసలు కారణం రొయ్యల చెరువులని ఆమె వాదన. ఆ వ్యాసం మేడమ్‌కి ఎంత నచ్చిందంటే, నా గదికి వచ్చి మరీ సగం చదివి వినిపించింది. భాష ఫోన్‌లో దిద్దుకున్నానని పిల్ల మొదటి పేజీలోనే రాసింది.

సులగ్న కుర్చీ చివర కూర్చుంది. చూపు మా చెప్పుల మీదే ఉంది.

"అయితే బావుల్ని పాడుచేసింది తుఫాను నీళ్ళే, చెరువుల తప్పేం లేదంటావు. అంతేనా?" అని మేడమ్ అడిగింది.

"ఆజ్ఞా."

మేడమ్ చేతిలో కాగితం కిందికి దిగింది. పిల్లకి కంగారుగా ఉందేమో, ఈసారి గుడ్డివాడికైనా కనపడే తప్పు అడుగుదామనుకున్నట్టుంది. "పైగా చెరువులు తవ్వాక బావుల నీళ్ళు తియ్యగా మారాయి, అవునా?"

పిల్ల పెదవి కదిలింది. "ఆజ్ఞా, మేడమ్" అంది.

బయట కూర్చోమని పంపేశాం. వ్యాసం సొంతం కాదని తేలితే ఆ ఆరునెలల చదువు పోతుంది, దానితో హాస్టల్ సీటూ పోతుంది. మహాకాలపడ నుంచి రోజూ బస్సులో వచ్చి చదవడం అయ్యే పని కాదు. అంటే ఆ పిల్ల చదువు ఇక్కడితో సరి. ఇది ముగ్గురికీ తెలుసు.

రథ్ సార్ నిట్టూర్చారు. "తను రాసిందేమిటో తనకే తెలీదు కుముదినీ. సొంతం కాదని రాసేద్దాం. ఏమంటావు?"

"ఆజ్ఞా, సార్" అంది మేడమ్.

నేను పెన్ను మూత తీశాను.

"ఆగండి బసంత్ బాబూ. ఇప్పుడు నేనేమన్నాను?"

"ఆజ్ఞా అన్నారు."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"మరి కాదా?"

"కాదు. నాకు ఒక్క పిసరు కూడా ఇష్టం లేదు. సార్ అడిగారు, నోరు దానంతటదే అనేసింది." ఆవిడ లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో సార్ ముందు ఆవిడ అలా నిలబడడం నేను చూడలేదు. "సార్, క్షమించండి. మీరన్నది తప్పు. అంతకంటే ముందు నా ప్రశ్నే తప్పు. పెద్దల మాట కొట్టెయ్యకూడదని పుట్టినప్పట్నుంచీ నేర్పి పంపారు దాన్ని. అలాంటి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాకు ఎదురు చెప్తేనే నువ్వు నిజాయితీగా ఉన్నట్టు అంటున్నాను. అది దాని చదువుకి పరీక్ష కాదు సార్. నోరున్న ఇంట్లో పుట్టిందా లేదా అని పరీక్ష."

రథ్ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకి కోపమొచ్చిందేమో అనుకున్నాను. చివరికి, "మరి ఎలా తేలుస్తావు?" అన్నారు.

"నన్ను చూస్తే దానికి నోరు పెగలదు. తోటిపిల్ల ముందు పెగులుతుంది. ఇద్దరికీ చెప్పే చేద్దాం, చాటుగా వద్దు."

సులగ్నతో ఒకే గదిలో ఉండే స్మితిని పిలిపించింది. కటక్ పిల్ల, నోరు పెద్దది. మేం వెనక బెంచీల్లో కూర్చున్నాం. మేం ఉన్నామని సులగ్నకి తెలుసు, మొదట్లో తల తిప్పి చూస్తూనే ఉంది. స్మితి బల్ల మీదెక్కి కూర్చుంది.

"ఏమే, తుఫానుకి సముద్రం ఊళ్ళోకొచ్చింది, బావుల్లో ఉప్పు కలిసింది. చిన్నపిల్లాడికీ తెలుసు. పాపం ఆ చెరువులవాళ్ళ మీద పడ్డావేమే?"

"అలాగైతే తుఫాను రాని ఏడాది ఉప్పు తగ్గాలి కదే. ఏదీ, తగ్గలేదే?"

"ఏమో, సముద్రం పక్కనే కదా, ఉప్పునీళ్ళు ఊరతాయి."

"నీకేం తెలుసే, బాదామ్‌బాడి బస్టాండు దాటి ఎరగవు." సులగ్న లేచి సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద సముద్రం గీసింది, చెరువులు గీసింది, బావులు గీసింది. "ఇదిగో ఇది మా మేనత్త వాళ్ళ బావి. సముద్రానికి అందరికంటే దగ్గర. ఇప్పటికీ తియ్యగా ఉంటుంది, ఎందుకంటే పక్కన చెరువు లేదు. ఇది మాది. సముద్రం ఎక్కడో ఉంది, చెరువు మాత్రం గట్టు అవతలే. మా అమ్మ ఆ నీళ్ళతో పప్పు పెడితే ఉడకదు. ఏడాది పొడుగునా ఉప్పునీళ్ళు నిలవబెడితే అవి కిందికి దిగవా? నీ బుర్రలోకి దిగట్లేదు గానీ."

స్మితి పకపకా నవ్వింది. సులగ్నకి అప్పుడు గుర్తొచ్చినట్టున్నాం, గబుక్కున తల వంచుకుంది. కానీ సుద్దముక్క వదల్లేదు.

"మేడమ్, ఇంకొకటి," అంది నేలకేసి చూస్తూనే. "మూడో పేజీలో మా బావి ఒక్క ఏడాదిలోనే పాడైందని రాశాను. అది తప్పు. మెల్లగా పాడైంది. వ్యాసం ఇచ్చాక అమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నాను. దిద్దుకోనిస్తారా?"

రథ్ సార్ నావైపు తిరిగి, "సొంతమేనని రాయి బసంతా," అన్నారు. "పెద్దక్షరాలతో రాయి."

ఆ మాట వినగానే సులగ్న బెంచీ మీద కూలబడి ముఖం ఓణీలో దాచుకుంది. ఆ పిల్లని స్మితి లాక్కుపోయింది దహీబరా, అదే మా కటక్ పెరుగువడ, తినిపిస్తానని. మేడమ్ ఊపిరి వదిలిన చప్పుడు నాకు పక్క బెంచీలోకి వినిపించింది. నాకూ ఒంట్లోంచి బరువు దిగినట్టే ఉంది, ఎందుకు దాచడం.

అప్పట్నుంచీ మా దగ్గర ఆ తప్పు ప్రశ్న తోటిపిల్లలే అడుగుతారు. శనివారం ఒక గంట మేడమ్ కొత్తవాళ్ళని పోగేసి, తను కావాలని తప్పులు చెప్తూ, "కాదు మేడమ్" అనడం సాధన చేయిస్తుంది. మొదట్లో ఒక్కడూ అనలేకపోయేవాడు. ఇప్పుడు ఉత్త పుణ్యానికి కూడా అంటున్నారు, అది వేరే బాధ.

ఆరోజు పిల్లలు వెళ్ళిపోయాక ముగ్గురం అక్కడే ఉన్నాం. రథ్ సార్ బోర్డు మీది బావులకేసి చూస్తూ, "కుముదినీ, నువ్వు నాకు ఆజ్ఞా అనడం ఎప్పుడు మొదలుపెట్టావు?" అన్నారు.

"ఎం.ఎ. మొదటి రోజునుంచీ సార్."

"అందులో నువ్వు నిజంగా ఒప్పుకున్నవెన్ని?"

మేడమ్ ఆయన కోసం కుర్చీ లాగి వేసింది.

"కూర్చోండి సార్. టీ తెప్పిస్తాను, ఆ లెక్క చెప్పడానికి కాస్త టైం పడుతుంది."