ఎర్రగచ్చు మీద జేజి బాట

మొన్న మా ఇంటికి నేలకు పాలిష్ పట్టే కుర్రాడొకడు వచ్చాడు. సిమెంటు గచ్చుకు ఏదో పూత పూస్తే అద్దంలా మెరుస్తుందని, మరక అంటదని ఫోన్‌లో బొమ్మలు చూపించి ఊదరగొట్టాడు. "ముఖం చూసుకోవచ్చు మేడం" అన్నాడు. ఈ వయసులో నా ముఖం నేలలో కూడా చూసుకోవాలా నాయనా అని నవ్వుకున్నాను గానీ, మనసు చటుక్కున జమ్మలమడుగు పోయి మా పెద్దమ్మ ఎర్రగచ్చు మీద కూర్చుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మాట. మా ఊరి చుట్టూ నాపబండలే. అరుగులకు బండలు, గోడలకు బండలు, పశువుల కొట్టంలోనూ బండలే. అటువంటి చోట, ఇంట్లో మట్టినేల తీసేసి కొత్త నేల వేయించే వేళ, పెద్దమ్మ సిమెంటు గచ్చే కావాలని పట్టుబట్టింది. "ఊరినిండా బండలుండంగా సిమెంటు ఏంది మే? నలుగురూ నవ్వరా?" అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ మా జేజి వైపు చూసింది. జేజి అంటే మా నాయనమ్మ, పెదనాన్న తల్లి. చూపు మందగించి, బండలు పరిచిన ఇళ్ళకు పోతే అతుకుల దగ్గర కాలు తట్టుకొని తూలేది. అతుకే లేని నేల కావాలన్నది పెద్దమ్మ పంతం.

పొద్దుటూరు నుంచి వచ్చిన సాయిబు మేస్త్రీ ఎర్రరంగు కలిపి, నున్నగా మెత్తి, మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాడు. ఆరిన తర్వాత ఆ గచ్చు పెద్దమ్మకు ఇంకో బిడ్డయింది. చింతపులుసు చుక్క పడితే ఉరికొచ్చి తుడిచేది. మధ్యాహ్నం పూట పాతచీర పీలికకు టెంకాయనూనె అద్ది, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేది. పండుమిరపకాయ రంగు తేలింది. పులివెందుల చుట్టాలొస్తే, కాళ్ళు కడుక్కున్నది చాలక తుడుచుకుంటే గానీ గడప దాటనిచ్చేది కాదు.

ఇంతలో ఒక శుక్రవారం పెద్దమ్మ అంగడికి పోయి వచ్చేసరికి, తన మంచం దగ్గర నుంచి గడప దాకా జేజి ఆ గచ్చును పేడతో అలికి పెట్టింది! ఇక అత్తాకోడళ్ళ యుద్ధమే అనుకుని పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి జారుకున్నాడు. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకిట్ల చేసినావత్తా?" అంది, అంతే.

"నీ గచ్చు శానా బాగుందంటాండారు అందరూ. నా కండ్లకు యాడ చూసినా నీళ్ళు నిలబడినట్టే కనపడతాంది అమ్మీ. జారిపడతానని భయం. పేడ అయితే నా కాలికి తెలిసిన నేల."

జేజి పడకూడదని వేయించిన గచ్చు, జేజినే భయపెడుతోంది. పెద్దమ్మ పేడ కడిగేసింది. పెరట్లోంచి ఇటుకముక్క తెచ్చి, అంత మురిపెంగా తెచ్చుకున్న మెరుపును మంచం నుంచి గడప దాకా తన చేతులతోనే రుద్ది తీసేసింది. "ఇప్పుడు నడిచి చూడత్తా" అంది. జేజి అరికాలితో తడిమి చూసుకుని, గోడ పట్టుకోకుండా గడప దాకా నడిచింది. పెద్దమ్మంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. జేజి పోయిన తర్వాత కూడా పెద్దమ్మ నూనెగుడ్డ ఆ బాట దగ్గరికి రాగానే ఆగిపోయేది.

"ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అన్నాడు కుర్రాడు. "ఎక్కడైనా సరే. నా మంచం నుంచి స్నానాలగది దాకా మాత్రం మెరుపు వద్దు నాయనా" అన్నాను. వాడు వింతగా చూశాడు. ఆ ఎర్రగచ్చు మీద పరుగులు తీసిన పిల్లనే నేను. జేజినెప్పుడయ్యానో, కాలం నడిచొచ్చిన అడుగుల చప్పుడే నాకు వినపడలేదు.