మరగబెట్టిన పాలసీసా

మొన్న కాఫీ తోటలో, పళ్లు కోసేవాళ్ల కోసం వంట చేస్తున్న ఆవిడ సెగలు కక్కే చోడి అంబలిని, అంటే రాగి జావను, నేరుగా ఒక పాత నీళ్ల క్యానులోకి వంపింది. ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. అసలు ప్రమాదానికి వాసనే ఉండదని నాకు చెప్పింది సుందరమ్మ సిస్టరే. అయినా ఆ వాసన తగిలితే చాలు, ఆవిడ మా అరుగు మీద కూలబడిన సాయంత్రం కళ్ల ముందుకొస్తుంది. వంటావిడకు నచ్చజెప్పి, అంబలిని మళ్లీ గిన్నెలోకి పోయించి ఇంటికొచ్చాను.

సుందరమ్మ గారు అరకు దగ్గరి డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండ ఊళ్లకు నర్సు. విజయనగరం వైపు మనిషి. పెద్ద గొంతు, ఓపిక బొత్తిగా తక్కువ. నేను మా ఊరి ఆరోగ్య కార్యకర్తగా చేరిన కొత్తలో ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. చీటికీమాటికీ తిట్టేది, ఆ తిట్టిన నోటితోనే తిన్నావా అని అడిగేది. ఒక వానాకాలం ఊరంతా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ప్రతి మంచం దగ్గరా కూర్చుంది, ఒక్కరిని కూడా పోనివ్వలేదు. ఆ తరువాత మా ఊళ్లో ఆవిడ మాటకు తిరుగు లేదు.

ఆ మాటే మా బుర్రల మీదకొచ్చింది. మావాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రల్లో అంబలి పోసుకుని పొలానికి పోతారు. ఆవిడ ఒక బుర్రను పగలగొట్టి, లోపల పట్టిన బూజును అందరికీ చూపించి, రోగమంతా ఇందులోనే ఉంది, పారేయండి అంది. అరకు హోటళ్లు పక్కన పడేసిన గట్టి నీళ్ల క్యాన్లు అడిగి తెచ్చి ఇంటింటికీ పంచింది. ఏది పోసినా వేడిగా పోయమని, పిల్లల సీసాలైతే రోజూ మరగబెట్టమని నూరిపోసింది. మేం బుర్రలన్నీ పొయ్యిలో పెట్టేశాం. పై కొండ ఊరివాళ్లు మాత్రం సరే సరేనని తలూపి, ఆవిడ జీపు మలుపు తిరగ్గానే ఆ క్యాన్లలో కోళ్లకు గింజలు పోసి, అంబలికి తమ బుర్రలే వాడుకున్నారు. వాళ్ల మొండితనాన్ని ఆవిడ తిట్టని రోజు లేదు.

నాకు కూతురు పుట్టి పాలు చాలకపోతే, ఆవిడే అద్దంలా మెరిసే గట్టి పాలసీసా ఒకటి తెచ్చి ఇచ్చింది. ఎప్పుడో ఆవిడ చుట్టాలింట్లో వాడి దాచిందట. అంత అందమైన వస్తువు మా ఇంట్లో మరొకటి లేదు. గీతలు పడి తెల్లబారినా దాన్ని మరగబెడుతూనే ఉన్నాను.

ఒక సాయంత్రం ఆవిడ విశాఖలో ట్రైనింగు ముగించుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. పిల్ల నా ఒళ్లో పాలు తాగుతోంది. వస్తూనే దాని నోట్లోంచి సీసా లాగేసింది. పిల్ల గుక్కపట్టింది. నేను బిత్తరపోయి, ఏటైనాది సిస్టరమ్మా అన్నాను.

“దీన్ని రోజూ మరగబెడతన్నావేటి?”

“మీరు సెప్పినట్టే. ఒక్క పూటా మానలేదు.”

ఆవిడ అరుగు మీద కూలబడింది. నేను ఉగ్గుగిన్నె తెచ్చి పిల్లకు పాలు పడుతుంటే, అక్కడ విన్నదంతా చెప్పుకొచ్చింది. ఇలాంటి గట్టి ప్లాస్టిక్ తయారీలో బిస్ఫినాల్ అనే రసాయనం వాడతారట. వేడి తగిలినా, పాతబడి గీతలు పడినా అది కొంచెం కొంచెంగా పాలలోకి దిగుతుందట. ఒంట్లో చేరి, హార్మోను తానే అన్నట్టు వేషం వేస్తుందట. పసివాళ్ల ఎదుగుదలకు, ఆడపిల్లలు పెద్దమనిషి కావడానికి, సంతానానికి, షుగరుకు కూడా దానితో సంబంధం ఉండవచ్చని పరిశోధన చేసేవాళ్లు అంటున్నారట. అది లేదని చీటీ అంటించి అమ్మే సీసాల్లోనూ దాని చుట్టాల్లాంటి వేరే రసాయనాలు ఉండొచ్చట. ఎంత శ్రద్ధగా మరగబెట్టానో, నా పిల్లకు ఆ రసాయనాన్ని అంత ఎక్కువగా పట్టానన్నమాట. ఒళ్లు మండిపోయింది. కానీ నాకంటే ముందు ఆవిడే ఏడుస్తోంది, ఇక ఎవరిని తిట్టను?

ఇంటింటికీ వెళ్లి మెల్లగా చెప్పుకుందాం అన్నాను. ఆవిడ వినలేదు. వారపు సంతలో, ఉప్పు బస్తాల పక్కన నిలబడి ఆ పెద్ద గొంతుతోనే చెప్పేసింది.

“బుర్రలు పారెయ్యమన్నది నేనే, క్యాన్లు పంచింది నేనే. తప్పు సెప్పేను. వేడిది ఏదీ అందులో పొయ్యకండి.”

ప్లాస్టిక్ బిందెలమ్మే కొట్టాయన మొహం మాడ్చుకున్నాడు. మావాళ్లు నోళ్లు తెరిచి చూస్తున్నారు. అంతలో ఒక ముసలావిడ, మరి ఇన్నాళ్లూ తాగేసిన పిల్లగుంటలకేటవుద్ది అని అడిగింది. నేను పిల్లను గట్టిగా పొదువుకుని సిస్టరమ్మ నోటి వైపే చూశాను. దేనికైనా ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది మరి.

“నాకు తెల్దమ్మా,” అంది ఆవిడ. “ఏటీ అవకపోవచ్చు. అవుద్దో నేదో సదువుకున్నోలే సెప్పలేకపోతన్నారు.”

అంత పెద్ద గొంతు అంత చిన్నదైపోవడం నేనెప్పుడూ వినలేదు. తల మాత్రం దించుకోలేదు. ఆ పై కొండ ఊరివాళ్లే మరుసటి సంతకు ఆనప విత్తనాలు మూటగట్టి తెచ్చి, మా మొండితనం పనికొచ్చినాదా సిస్టరమ్మా అని ఆట పట్టించారు. ఆవిడ నవ్వుతూనే వాళ్లను మళ్లీ తిట్టి, విత్తనాలు కొంగున కట్టుకుంది. ఈసారి బుర్రలను వేడినీళ్లతో కడిగి పొయ్యి పైన ఆరబెట్టడం నేర్పింది.

సుందరమ్మ గారు ఇప్పుడు లేరు. నా కూతురు ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. మొన్న తోట నుంచి వచ్చి, సెలవులకు ఇంటికొచ్చిన దానికి ఆ క్యాను సంగతి చెబుతుంటే, బుర్ర కడుగుతున్న చెయ్యి ఆపి, అమ్మా, నాకేటైనా అవుద్దా అని అడిగింది. ఏమీ కాదులే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏ తల్లికైనా అదే వస్తుంది. ఉప్పు బస్తాల పక్కన నిలబడ్డ మనిషి గుర్తొచ్చి ఆ మాట మింగేశాను.

“నాకు తెల్దు తల్లీ,” అన్నాను.

అది బుర్ర పక్కన పెట్టి, తడి చేతులతోనే నా పక్కకు జరిగి కూర్చుంది.