మా ఇంటి నీల్లు

కాలేజీ టూరు నుంచొచ్చాక, "విశాఖపట్నం మీకు ఎలాగనిపించిందో ఒక పేజీ రాయండి" అన్నారు మా మేడం. అందరూ సముద్రం, సబ్‌మెరీన్ అని రాసీసినారు. నాకు మాత్రం ముందు రైల్లో కలిసిన ఒక పెద్దావిడే గుర్తొచ్చింది.

పలాసలో పొద్దున్నే రైలెక్కినాం. పన్నెండుమంది ఆడపిల్లలం, ఒకటే గోల. నా ఎదురుగా కూకున్న పెద్దావిడ సేతిలో మాత్ర పట్టుకుని, "పాపా, గుక్కెడు నీల్లిత్తావేటి?" అంది.

సీసా తీసినాను గానీ సెయ్యి సాగలేదు. మాది ఉద్దానం. మా నీల్లు తాగితే కిడ్నీలు పోతాయని అందరికీ భయమే. మా ఇంటికొచ్చే సుట్టాలు కూడా నీల్లు తెచ్చుకుంటారు. సెప్పకుండా ఇవ్వడం తప్పనిపించింది.

"మాది ఉద్దానమండి. ఇవి మా ఇంటి నీల్లు" అనీసినాను.

పక్కనున్న కల్యాణి గిల్లింది. "నీ ఊరేటని ఆవిడడిగిందేటే గుంటా?"

పెద్దావిడ నవ్వింది. "మీ అమ్మ పోసిందా?"

"అవునండి. మరిగించి, సల్లార్సి పోసింది."

"మరింకేటి? కన్నతల్లి పిల్లకి సెడ్డ నీల్లు పోసి పంపుద్దేటి?"

సీసా అందుకుని మాత్ర మింగింది. మింగినాక కూడా, ఊరికినే, ఇంకో రెండు గుక్కలు తాగింది.

విశాఖలో మేం సూడ్డానికెల్లిన కాలేజీలో ఒకమ్మాయి, మాది ఉద్దానమని తెలిసి, "మీ ఊరి నీళ్లు మంచివి కావంట కదా?" అంది. ఇంకోప్పుడైతే తల దించుకుందును. ఆ రోజు మాత్రం సీసా సాపినాను.

"మా అమ్మ మరిగించినవి. తాగుతావేటి?"

ఆ పిల్ల కాసేపు సీసాకేసి సూసింది. తరవాత సెయ్యి సాపింది. అడుగున మిగిలినవి ఇద్దరం సగం సగం తాగినాం.